హైదరాబాదా, వైజాగా? ఇల్లు వెతుక్కుంటూ తిరిగిన తిరుగుడు

రాజమండ్రిలో తాతగారి నాటి ఖాళీ స్థలం అమ్మాక ఆడిటర్ గారు చెప్పిన మాటతో మా ప్రయాణం మొదలైంది. లాభం మీద పన్ను తప్పాలంటే ఆదాయపు పన్ను చట్టం ప్రకారం ఆ సొమ్ముతో 2 ఏళ్లలోపు ఇల్లు కొనాలి, లేదా 3 ఏళ్లలోపు కట్టుకోవాలి. మళ్లీ ఖాళీ స్థలం కొనేసి కూర్చుంటే కుదరదు. సొంతూళ్లో ఇల్లు ఉండనే ఉంది, కాబట్టి కొనేది అద్దెకివ్వడానికే. ఇక మిగిలింది హైదరాబాదా, వైజాగా అనే పంచాయితీ. మా గోదావరి జిల్లాల్లో నాలుగు రాళ్లు చేతికొచ్చిన ప్రతి ఇంట్లోనూ ఇది నడిచేదే. "ఇక్కడ కూర్చుని వాదించుకోవడం ఎందుకండీ, రెండూ చూసొద్దాం" అంది మా ఆవిడ.

గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో రాత్రి ఎక్కి పొద్దున లింగంపల్లిలో దిగాం. మా బావమరిది కారేసుకుని వచ్చాడు. "బావగారూ, ముందు కోకాపేట చూడండి, తర్వాత వైజాగ్ మాటే ఎత్తరు" అంటూ ఔటర్ ఎక్కించాడు. 2023 ఆగస్టులో హైదరాబాద్ నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ వేలంలో ఎకరం 100 కోట్లు దాటింది ఇక్కడే. అంత పెట్టి కొన్న నేల మీద కట్టే ఫ్లాటు మనలాంటివాళ్ల చేతికి ఎంతకొస్తుందో వేరే చెప్పాలా? మెడలు నొప్పెట్టేదాకా టవర్లు చూసి తెల్లాపూర్ వైపు తిరిగాం.

అక్కడ ఒక మోడల్ ఫ్లాటు చూపించారు. ఏసీ చల్లగా ఉంది, కాఫీ ఇచ్చారు, పడగ్గది విశాలంగా కనిపించింది. మా ఆవిడకి ఎందుకో అనుమానమొచ్చి మంచాన్ని జానలతో కొలిచింది. మామూలు డబుల్ కాట్ కంటే జానెడు పైనే తక్కువ! బీరువా కూడా లోతు లేకుండా చేయించారు. మార్కెటింగ్ కుర్రాడు నవ్వి ఊరుకున్నాడు. తర్వాత వేరే చోట ప్రీలాంచ్ అంటూ ఇంకొకాయన తగులుకున్నాడు. "రెరా నంబరు వచ్చేస్తుంది సార్, ఈలోపు మొత్తం కట్టేస్తే అడుగు ధర సగానికి ఇస్తాం" అన్నాడు. అసలు ఇళ్ల ప్రాజెక్టులను నియంత్రించే ప్రభుత్వ సంస్థ రెరా దగ్గర రిజిస్ట్రేషన్ లేకుండా అంత పెద్ద ప్రాజెక్టులో ఫ్లాట్లు అమ్మకూడదు, ప్రకటన కూడా ఇవ్వకూడదు. రిజిస్టర్ చేసిన అగ్రిమెంటు లేకుండా 10 శాతానికి మించి తీసుకోకూడదు. బావమరిది స్నేహితుడొకడు ఇలాగే కట్టి, ఈఎంఐ ఒకవైపు, ఇంటద్దె ఒకవైపు మోస్తున్నాడు. ఇంకో సంగతి. 2024 జూలైలో చెరువుల ఆక్రమణలు కూల్చే హైడ్రా వచ్చాక చెరువు పక్కన ఫ్లాటు అంటే జనం ముందు ఎఫ్‌టీఎల్ హద్దు, అంటే చెరువు నిండితే నీళ్లు వచ్చే హద్దు, ఎక్కడని అడుగుతున్నారు. ఒకప్పుడు ఆ చెరువు కనిపిస్తుందనే ఎక్కువ డబ్బు కట్టేవారు!

రాత్రి భోంచేసి మళ్లీ అటే ఒక రౌండ్ కొట్టాం. పగలు అమ్మేవాడు చెప్పింది వినొచ్చు గానీ, రాత్రి కిటికీలు చెప్పేది వేరు. అన్నీ అమ్ముడైపోయాయన్న ఒక టవర్లో దీపాలు వెలిగిన ఇళ్లు చాలా తక్కువ. కొన్నవాళ్లందరూ మాలాంటి వాళ్లేనేమో! అద్దెకి వచ్చేవాడికి అన్ని ఇళ్లు ఖాళీగా ఉంటే మన ఇంటికి బేరం ఎక్కడిది?

తెల్లవారకముందే సికింద్రాబాద్‌లో వందేభారత్ ఎక్కితే మధ్యాహ్నానికి విశాఖ. మా ఊరు మీదుగానే వెళ్లింది, దిగిపోదామా అనిపించింది కూడా.

వైజాగ్‌లో అందరూ ఉత్తరం వైపే వేలు చూపిస్తున్నారు. భోగాపురం విమానాశ్రయం, ఆనందపురం దగ్గర గూగుల్ డేటా సెంటర్. 2025 అక్టోబరులో ఆ కంపెనీ 15 బిలియన్ డాలర్లు ప్రకటించిన దగ్గర్నుంచి ప్రతి లేఅవుట్ బ్రోచర్లోనూ దాని పేరే. నాకు మాత్రం ఒక్కటే అనిపించింది: డేటా సెంటర్ నిండా సర్వర్లే, అవి మనకి అద్దె కట్టవు. పైగా మాకు కావలసింది ప్లాటు కాదు, ఇల్లు.

రుషికొండ దగ్గర సముద్రం కనిపించే ఫ్లాటు చూసి మా ఆవిడ బాల్కనీలోంచి కదల్లేదు. నేను గ్రిల్ మీద చెయ్యి వేస్తే పెయింటు పెచ్చులుగా ఊడి, కింద తుప్పు ఎర్రగా వేళ్లకి అంటుకుంది. తలుపు బందులదీ అదే పరిస్థితి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఈ వరసలో అద్దాలన్నీ పోయాయని వాచ్‌మన్ చెప్పాడు. చూడ్డానికి రావచ్చు గానీ, దూరాన ఉండి అద్దెకిచ్చేవాళ్లం ఆ ఉప్పుగాలితో పడలేం.

చివరికి మధురవాడలో, లోపలి వీధిలో, కొన్నేళ్ల కిందట కట్టిన రెండు పడగ్గదుల ఫ్లాటు నచ్చింది. ప్రతి బాల్కనీలోనూ బట్టలు ఆరేసి ఉన్నాయి. కింద కిరాణా కొట్టు, మలుపులో ఇడ్లీ బండి. ఓనరు 65 లక్షలు చెప్పారు, అద్దె 16 వేలు వస్తోంది. ఏడాదికి 3 శాతం కూడా కాదు, బ్యాంకు ఎఫ్‌డీయే నయం. కానీ తెల్లాపూర్‌లో దీనికి రెట్టింపు పెట్టినా అద్దె శాతం ఇంతకు మించేలా లేదు. రిజిస్ట్రేషన్ ఖర్చు రెండు చోట్లా 7.5 శాతమే. ఇక్కడైతే కుళాయి పాడైనా పొద్దున రైలెక్కి రాత్రికి ఇంటికి రావచ్చు. ధర పెరిగితే హైదరాబాద్‌లోనే పెరుగుతుంది, నిజమే. నాకు మాత్రం ఆ పరుగులో అంత డబ్బు పెట్టే వయసు కాదు.

30 ఏళ్ల ఈసీ (ఆస్తి మీద జరిగిన అమ్మకాలు, తాకట్లు చూపే పత్రం), లింక్ డాక్యుమెంట్లు (పాత దస్తావేజులు), ప్లాన్ కాపీ లాయరు గారికిచ్చాం. సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ చెయ్యకూడని భూముల జాబితాలో, లేదని ఆయన తేల్చాకే అడ్వాన్స్. బావమరిది అలిగి ఫోన్ చెయ్యడం మానేశాడు. మా ఆవిడ మాత్రం భోగాపురం ప్లాటు సంగతి వదల్లేదు. తన నగల డబ్బుతో కొంటుందట, నన్ను అడగదట.