మళ్లీ ఎప్పుడు వెళ్తున్నావని అడుగుతారు

డల్లాస్‌లో ఉద్యోగం పోయిందని తెలిసిన రోజు నేను చేసిన మొదటి పని పడుకోవడం. పగలంతా క్లయింట్ మీటింగులు, రాత్రి ఇండియా టీమ్‌తో కాల్స్, తెల్లారేసరికి రిపోర్టు, ఇలా ఏళ్ల తరబడి నడిచాక ఒంట్లో ఏమీ మిగల్లేదు. సెలవు అడగాలన్నా భయమే. అమెరికా వర్క్ వీసా హెచ్1బీ మీద ఉన్నవాళ్లకి ఉద్యోగం పోతే గడువు మహా అయితే 60 రోజులు, ఆలోపు ఇంకో కంపెనీ పిటిషన్ వేయాలి, లేదంటే వీసా స్టేటస్ మార్చుకోవాలి, లేదంటే సామాన్లు సర్దుకోవాలి. నేను సర్దుకున్నాను.

కూకట్‌పల్లికి వచ్చాక చాలాకాలం ఖాళీగానే ఉన్నాను. మాదాపూర్‌లో ఇంటర్వ్యూకి వెళ్తే గ్యాప్ ఎందుకొచ్చిందనేవాళ్లు, చుట్టాలేమో మళ్లీ ఎప్పుడు వెళ్తున్నావనేవాళ్లు. రెండిటికీ నా దగ్గర జవాబు లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో బర్నౌట్‌ని జబ్బుగా కాకుండా పనితో వచ్చే స్థితిగా వివరించింది: విపరీతమైన అలసట, పనంటే విరక్తి, ఏం చేసినా సరిగా చేయలేకపోతున్నామనే భావన. మొదటిది నిద్రతో కొంత తగ్గింది కానీ మూడోది మాత్రం ఖాళీగా కూర్చున్న కొద్దీ పెరిగింది, ఈ సంగతి ఎవరూ చెప్పరు.

మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌ది జగిత్యాల వైపు. ఒకరోజు ఒక కాగితం పట్టుకొచ్చి, "సార్, మా పోరనికి దుబాయ్ వీసా అచ్చింది, జర సూడుండ్రి" అన్నాడు. చూస్తే అది విజిట్ వీసా, దానిమీద పని చేయడానికి వీల్లేదు. పనికి పంపిస్తానన్న ఏజెంట్ పేరు, విదేశాలకు పనికి వెళ్లేవాళ్ల కోసం కేంద్రం నడిపే ఈ-మైగ్రేట్ సైట్‌లో రిజిస్టరైన ఏజెంట్ల జాబితాలో లేదు. రిజిస్టరైన ఏజెంట్ తీసుకోగలిగేది 30,000 రూపాయలు, పైన జీఎస్టీ, అంతే. వీళ్లని అంతకు ఎన్నో రెట్లు అడిగాడు. అప్పు ఇంకా తేలేదు కాబట్టి పిల్లవాడు ఆగిపోయాడు. తర్వాత వాళ్ల ఊరి నుంచి ఫోన్లు మొదలయ్యాయి.

ఇప్పుడు గల్ఫ్‌కి వెళ్లేవాళ్లకి సాయం చేసే ఒక చిన్న ఆఫీసులో పని చేస్తున్నాను. పదో తరగతి పాసవ్వనివాళ్లకి ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్) పాస్‌పోర్టు ఇస్తారు, దానితో గల్ఫ్ సహా 18 దేశాలకు పనికి వెళ్లాలంటే ముందు ఎమిగ్రేషన్ క్లియరెన్స్, అంటే ప్రభుత్వ అనుమతి కావాలి. ఆ ఫారాలు నింపుతాను, ఒప్పందంలో జీతం, డ్యూటీ గంటలు ఏం రాశారో తెలుగులో చదివి వినిపిస్తాను. రెండేళ్లకి 275 రూపాయలు కడితే ప్రమాదంలో చనిపోయినా, పనిచేయలేని వైకల్యం వచ్చినా 10 లక్షల వరకు వచ్చే ప్రవాసీ భారతీయ బీమా యోజన గురించి ప్రతి ఒక్కరికీ చెప్తాను. వీసా దయమీద బతకడం ఎలా ఉంటుందో నాకు తెలుసు, కానీ వాళ్లు తాకట్టు పెట్టేది పొలం.

జీతం చాలా తక్కువ. సొంత ఇల్లు ఉంది కాబట్టి నడుస్తోంది, లేకపోతే ఈ పని నాకూ కుదిరేది కాదు, ఇలాంటి పని వెతుక్కునేవాళ్లు ముందు ఆ లెక్క చూసుకోవాలి. మా అమ్మ ఇంకా ఒప్పుకోలేదు. ఇంకో ఏడాది ఇందులోనే ఉంటానని తనకి చెప్పాను.