కాలువకు అవతల ఒడ్డున

చూపు పోయిన బాబాయికి ఫోనులో దారి చెప్పే ఆ ఆడగొంతు రాత్రి పదకొండు దాటినా నా చెవుల్లోంచి పోవడం లేదు. పొద్దున మేమిద్దరం కాలువ గట్టు మీద కొబ్బరిచెట్ల నీడన నిలబడి ఉండగా, అది ఏ తడబాటూ లేకుండా "మీరు గమ్యాన్ని చేరుకున్నారు" అని ప్రకటించింది. వెళ్లవలసిన తపాలా కార్యాలయమేమో కాలువకు అవతల ఒడ్డున ఉంది. ఆకాశం విశాలంగా కనిపించే చోటనే ఫోనులోని జీపీఎస్ సుమారు 5 మీటర్లు అటూఇటూగా చూపిస్తుంది, చెట్ల కింద ఆ తేడా ఇంకా పెరుగుతుంది. మా గట్టు మీద 5 మీటర్లు పక్కకు జరిగితే మొలలోతు నీళ్లు.

తమ్ముడు ఆయనకు పంపిన స్మార్ట్‌కేన్ మీద, అంటే చూపులేనివాళ్ల చేతికర్రకు బిగించే పరికరం మీద, నాకింత కోపం లేదు. ఢిల్లీ ఐఐటీలో రూపొంది 2014లో వచ్చిన ఆ పరికరం, మోకాలి పైనుంచి తల దాకా 3 మీటర్ల లోపు అడ్డొచ్చేవాటిని అల్ట్రాసోనిక్ తరంగాలతో పసిగట్టి, పిడి అదిరేలా చేసి హెచ్చరిస్తుంది. నిన్న గడ్డి ట్రాక్టరు బాబాయి నుదుటికి తగలకుండా కాపాడింది అదే. గట్టు అంచు తెగిన చోటు మాత్రం కర్ర మొనతో తడుముకుని తెలుసుకోవలసిందే.

నా తొమ్మిదో ఏట ఒక వానరాత్రి, కరెంటు లేనప్పుడు, అప్పటికే రేచీకటి ముదిరిన బాబాయి ఆఖరి బస్సు దిగి నా చెయ్యి పట్టుకుని ఇదే గట్టు మీద నడిపించాడు. లాకుల దగ్గర నీటి హోరు వినబడగానే ఎడమకు తిరిగాడు, నానేసిన కొబ్బరిపీచు కంపు తగలగానే నడక తగ్గించాడు, రైసుమిల్లు ఊక వాసన వచ్చేసరికి "ఇంకో రెండొందల అడుగులే" అన్నాడు. నేను లెక్కపెడితే మూడొందలు దాటాయి. "నీ అడుగులు కాదే, నావి" అని నవ్వాడు.

అటువంటి మనిషికి ఈ యంత్రమెందుకని రాయబోయి ఆగాను. మిల్లు మూతబడింది, పీచు గుంటలు పూడ్చి ఇళ్లు కట్టారు, లాకుల హోరు లారీల హారన్లలో కలిసిపోయింది. ఆయన గుర్తులన్నీ పోయాక ఫోను కాక ఇంకేం పట్టుకుంటాడు? పైగా పొద్దున నేను దాన్ని తిడుతుంటే, "పోనీలే అమ్మాయ్, దానికి విసుగు రాదు కదా" అన్నాడు. ఎవరికి విసుగొచ్చిందో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

రేపు వంతెన దిగాక, చెట్లు లేని తపాలా కార్యాలయం మెట్ల దగ్గర నిలబడి, ఫోనులో ఆ చోటుకు సరైన గుర్తు పెట్టి ఇమ్మన్నాడు. కర్రకు ఛార్జింగ్ పెట్టలేదని ఇప్పుడే గుర్తొచ్చింది, లేస్తున్నాను.