మట్టి ఎద్దుల ముందు గుర్తొచ్చిన మనిషి

ఏరువాక పున్నమి దాటిన పదిహేను రోజులకు మా ఆదోని వైపు మట్టి ఎద్దుల అమావాస్య వస్తుంది. మెత్తటి మట్టి తెచ్చి, జత ఎద్దులు చేసి, దేవుడి గూట్లో పెట్టి నైవేద్యం పెడతారు. మా ఇంట్లో నిజం ఎద్దులు పోయి చాలా ఏళ్ళయింది. మట్టివి మాత్రం ఏటా వస్తున్నాయి. ఈసారి అమ్మ వాటికి జొన్నగింజలతో కళ్ళు పెడుతుంటే గీత మూడో అధ్యాయంలోని శ్లోకం నోట్లో తిరిగింది.

ఇష్టాన్ భోగాన్ హి వో దేవా దాస్యంతే యజ్ఞభావితాః
తైర్దత్తానప్రదాయైభ్యో యో భుంక్తే స్తేన ఏవ సః

దేవతలు ఇచ్చింది తిని, వాళ్ళకు తిరిగి పెట్టనివాడు దొంగే అంటున్నాడు కృష్ణుడు. ఇంకాస్త మెత్తగా చెప్పొచ్చు గదా అనిపిస్తుంది. యజ్ఞమంటే హోమగుండమే అనుకున్నన్నాళ్ళు ఆ మాట నాకు తగల్లేదు. జార్జ్ వాషింగ్టన్ కార్వర్ గురించి చదివాకే తగిలింది.

అమెరికాలో మిస్సోరీ రాష్ట్రంలో బానిస తల్లికి పుట్టినవాడు కార్వర్. చదువుకుని వ్యవసాయ శాస్త్రవేత్త అయి, 1896లో అలబామాలోని టస్కీగీ విద్యాసంస్థకు వచ్చి, 1943లో చనిపోయేదాకా అక్కడే ఉండిపోయాడు. ఏళ్ళ తరబడి పత్తి మీద పత్తి వేసి అక్కడి నేల ఒట్టిపోయింది. ఎరువు కొనే శక్తి లేని రైతులకు ఆయన చెప్పింది ఇదే: అడవిలో రాలిన ఆకు, చిత్తడి నేలల బురద తెచ్చి పొలంలో వేయండి, పత్తి వేసిన చోట అలసంద, వేరుశనగ వేయండి. గాలిలోని నత్రజనిని వేళ్ళ బుడిపెల్లో పట్టి ఉంచే పంటలవి. 1906లో గుర్రపు బండి మీద పనిముట్లు, విత్తనాలు పెట్టించి ఊళ్ళకే పాఠం పంపించాడు. 1916లో వేరుశనగను 105 రకాలుగా వండుకునే పద్ధతులతో చిన్న పుస్తకం వేశాడు. (పీనట్ బటర్ కనిపెట్టింది ఆయనే అని చాలామంది అంటారు, అది మాత్రం నిజం కాదు.)

రోజూ తెల్లవారుజామున అడవిలోకి నడిచి వెళ్ళడం ఆయనకు ప్రార్థన. సృష్టి రహస్యం చెప్పమని దేవుణ్ణి అడిగితే, నీ బుద్ధికి తగ్గది అడగమన్నాడనీ, అప్పుడు వేరుశనగ గింజ గురించి అడిగాననీ సభల్లో నవ్వుతూ చెప్పేవాడు. ఆ కథలో నాకు నచ్చింది ఆ అణకువ. చివరికి కూడబెట్టిన డబ్బంతా పరిశోధనకే రాసిచ్చాడు.

ఇక మా సంగతి. ఆదోని మార్కెట్‌కు పత్తీ వస్తుంది, బుడ్డలూ (వేరుశనగను మేం అనే మాట) వస్తాయి. కార్వర్ చెప్పిన పంట మా దగ్గర ఎప్పటినుంచో ఉంది. మరి నేల ఎందుకు బలపడలేదు? బుడ్డల చెట్టును మనం వేళ్ళతో సహా పీకేస్తాం, నేలలో మిగిలేది కొంచెమే. జేజి కాలంలో ఆ కట్టె పశువులు తినేవి, వాటి పేడ దిబ్బలో మాగి మళ్ళీ అదే చేనుకు పోయేది. ఇప్పుడు పశువుల్లేవు. కట్టె అమ్మేస్తున్నాం, పత్తికట్టె కాల్చేస్తున్నాం. చేనుకు తిరిగి పోతున్నది యూరియా, డీఏపీ సంచులే. దొంగ అన్న మాట ఇంట్లోకే వచ్చి కూర్చున్నట్టుంది.

పూజయ్యాక అన్నతో అన్నాను, "ఈసారి పత్తి సాళ్ళ మధ్య అలసంద వేద్దామా అన్నా?"

"మందు కొట్టేటప్పుడు అడ్డం గదరా. కూలీలు ఒప్పుకోరు" అన్నాడు. అదీ నిజమే. కాసేపయ్యాక తనే, "గట్టు పక్క అరెకరం చూద్దాంలే" అన్నాడు.

అమ్మ మరుసటి రోజు ఎద్దుల్ని ఆ గట్టు మీదే పెట్టి వచ్చింది. ఎప్పుడూ అక్కడే పెడుతుంది, వానకు కరిగి చేన్లో కలిసిపోతాయని.