త్యాగం, వెంటనే బ్రేక్

"ఆ ఉద్యోగం నాకొద్దు అత్తయ్యా, మీరంతా సంతోషంగా ఉంటే చాలు" అంది టీవీ సీరియల్‌లో కోడలు. కెమెరా మూడుసార్లు ఆమె ముఖం మీదకి దూసుకొచ్చింది. నాకు ఒళ్లు మండింది. కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి. రెండూ ఒకేసారి!

తర్వాతి షాట్‌లో అపాయింట్‌మెంట్ లెటర్‌ని మడిచి బీరువాలో చీరల కింద పెట్టింది. పెడుతూ ఒక్క క్షణం ఆగింది. డైలాగ్ రాసినవాళ్లు అనుకున్నారో లేదో గానీ, ఆ చేతులకి మాత్రం ఉద్యోగం కావాలి. నటి ఎవరో, భలే చేసింది.

సీరియల్ రోజూ నడవాలి కదా. హీరోయిన్ ఒక్కసారి నోరు తెరిచి "నాకు కావాలి" అంటే కథ వారంలో అయిపోతుంది. ఆమె ఎంత మింగితే అన్ని ఎపిసోడ్లు. ఇక తనకోసం ఏదైనా అడిగే ఆడది ఉందంటే ఆమె విలన్. (మంచి నగలు, మంచి డైలాగులు అన్నీ ఆమెకే. అదొక్కటే న్యాయం.)

అయినా చూడటం మానలేను. చాలా సినిమాల్లో ఇలాంటి కోడలికి రెండు సీన్లు ఇస్తే ఎక్కువ. ఇక్కడ వంటింట్లో ఆమె మింగిన మాట కూడా కథే, దాని మీద అరగంట నడుస్తుంది. ఆమె బాధని చూపిస్తే నాకేం ఇబ్బంది లేదు. ఆ బాధకి దండేసి హారతి పట్టినప్పుడే చిరాకు.

భర్తే తన ఉద్యోగం వదులుకుంటే వెనకాల వీణ మోగే ఎపిసోడ్ ఏ సీరియల్‌లోనైనా వస్తే చెప్పండర్రా. అలారం పెట్టుకుని మరీ చూస్తా.