గోస్తనీ వెంట ఎగువకు: భీమిలి నుంచి అరకు దాకా సైకిల్ మీద

విశాఖ నుంచి అరకుకి సైకిల్ మీద వెళ్ళాలంటే అందరూ చెప్పే దారి ఒకటే: పెందుర్తి, కొత్తవలస, శృంగవరపుకోట, ఆ తర్వాత ఘాట్. దాదాపు 115 కిలోమీటర్లు. చీకటితో బయల్దేరితే సాయంత్రానికి చేరిపోవచ్చు. కానీ సగం దారి లారీల వెనక దుమ్ము తింటూ పోవాలి. తీరా కొండ మొదలయ్యే సమయానికి ఎండ నెత్తి మీదికి వస్తుంది, ఒంట్లో ఓపిక తగ్గిపోతుంది. అంత అందమైన ఘాట్‌ని అలసిపోయిన కాళ్ళతో ఎక్కడం నాకు ఇష్టం లేకపోయింది.

మ్యాప్ ముందేసుకుని వేరే దార్లు చూస్తుంటే గోస్తనీ నది దొరికింది. ఈ నది అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల గుండా పారి, తాటిపూడి దగ్గర జలాశయంగా నిలిచి, జామి, పద్మనాభం పక్కల నుంచి వచ్చి భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. అంటే భీమిలిలో మొదలుపెట్టి నదికి ఎదురు తొక్కుకుంటూ పోతే సముద్రం, జలాశయం, కొండలు అన్నీ ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. చుట్టు తిరుగుడే, కాదనను. కానీ మన ప్రాంతంలో రోడ్ బైక్ ఉన్నవాళ్ళు తొక్కి తీరాల్సిన దారి ఇదేనని నా గట్టి నమ్మకం.

ముందు బండిని సిద్ధం చేసుకోవాలి. నా సైకిల్‌కి ముందు 50, 34 పళ్ళ చక్రాలు, వెనక క్యాసెట్‌లో, అంటే పళ్ళ చక్రాల దొంతరలో, అన్నిటికంటే పెద్దదానికి 28 పళ్ళు. బీచ్ రోడ్డు మీద దీంతో ఏ లోటూ లేదు. గంటల తరబడి ఎక్కుతూనే ఉండే ఘాట్‌లో మాత్రం మోకాళ్ళు పట్టేస్తాయి. అందుకని వెనక 11-34 క్యాసెట్ (చిన్న చక్రానికి 11 పళ్ళు, పెద్దదానికి 34) వేయించాను. దాంతోపాటు చైన్ కూడా పొడుగుది మార్చాల్సి వచ్చింది. వెనక డిరైలర్ (చైన్‌ని ఒక పళ్ళ చక్రం మీంచి ఇంకోదాని మీదికి జరిపేది) అంత పెద్ద చక్రాన్ని తట్టుకుంటుందో లేదో షాపులో ముందే చూపించుకోవాలి, కొన్నిటికి కుదరదు. ముందు 34కి వెనక 34 అంటే పెడల్ ఒక చుట్టు తిరిగితే చక్రం కూడా ఒక్క చుట్టే తిరుగుతుంది. వేగం పోతుంది గానీ కాళ్ళు మిగులుతాయి. టైర్లు 25 మిల్లీమీటర్ల నుంచి 28కి మార్చి గాలి కొంచెం తగ్గించాను. పల్లె రోడ్ల గతుకుల మీద ఆ తేడా అరచేతులకి, నడుముకి బాగా తెలుస్తుంది. బ్రేక్ ప్యాడ్లు కొత్తవి. ప్రాక్టీసుకి సింహాచలం కొండ రోడ్డు ఉండనే ఉంది. అక్కడ వేగం కోసం తొక్కలేదు, ఆయాసం రాకుండా ఒకే లయలో ఎంతసేపు ఎక్కగలనో చూసుకున్నాను.

బయల్దేరింది నవంబర్ నెలాఖరులో. వానలు వెళ్ళిపోయి జలాశయం నిండుగా ఉంటుంది, పైన వలిసె పూలు పూసి ఉంటాయి, చలి ఇంకా ముదరదు.

తొలి ఎండ పడేసరికి ఋషికొండ, తొట్లకొండ దాటి ఎర్రమట్టి దిబ్బల దగ్గర ఉన్నాను. కుడివైపు సముద్రం, ఎదురుగాలి. భీమిలిలో గోస్తనీ సముద్రంలో కలిసే చోట ఆగి టీ తాగాను. అక్కడ నది వెడల్పుగా, బద్ధకంగా ఉంటుంది. నీళ్ళు ఎటు పోతున్నాయో కూడా చెప్పలేం. తగరపువలస దగ్గర జాతీయ రహదారిని దాటడం ఒక్కటే మొదటి రోజు టెన్షన్. అక్కడ సైకిల్ దిగి, నడిపించుకుంటూ దాటడమే మంచిది.

ఆ తర్వాత దారి పూర్తిగా మారిపోతుంది. కోతకొచ్చిన వరి, గట్ల మీద తాటిచెట్లు, రోడ్డు మీదే ఆరబోసిన ధాన్యం. పద్మనాభం కొండ దూరం నుంచే కనిపిస్తుంది. 1794 జూలై 10న ఈస్టిండియా కంపెనీ సైన్యంతో పోరాడి విజయనగరం రాజు పూసపాటి విజయరామరాజు నేలకొరిగింది ఇక్కడే. కారులో ఎన్నోసార్లు ఈ ఊరి పక్క నుంచి పోయినా ఆ కొండ కింద ఇంతసేపు నిలబడింది లేదు. జామి మీదుగా పోయేటప్పుడు నది ఒకసారి పక్కకి వస్తుంది, మళ్ళీ తప్పుకుంటుంది. ఈ భాగంలో ఎత్తుపల్లాలు పెద్దగా లేవు. దాహం వేసేదాకా ఆగకుండా నీళ్ళు తాగుతూ ఉంటే చాలు.

తాటిపూడి చేరేసరికి మధ్యాహ్నం దాటింది. ఊళ్ళోంచి వెళ్తుంటే ముందు గట్టు తప్ప ఏమీ కనిపించదు. సైకిల్ పట్టుకుని గట్టు పైకి ఎక్కగానే ఒక్కసారిగా నీళ్ళు. అవతల తూర్పు కనుమలు ఒకదాని వెనక ఒకటి, దగ్గరివి పచ్చగా, దూరంవి నీలంగా, ఆఖరివి ఆకాశంలో కలిసిపోయి. 1963 నుంచి 1968 దాకా కట్టిన జలాశయం ఇది. విజయనగరం జిల్లా పొలాలకి సాగునీరు ఇస్తుంది, విశాఖకి తాగునీరు పంపుతుంది. మా ఇంటి కుళాయిలోకి వచ్చే నీళ్ళలో కొంత ఈ కొండల మధ్య నుంచే వస్తోందన్న సంగతి నాకు ముందే తెలుసు. గట్టు మీద నిలబడి చూస్తేనే అది మనసుకి పట్టింది. చాలాసేపు కదలాలనిపించలేదు. గాలి లేనప్పుడు కొండ నీడ నీళ్ళలో చెదరకుండా నిలుస్తుంది, అవతలి ఒడ్డు నుంచి పడవ బయల్దేరితే ఆ నీడ మీదుగా ఒక గీత సాగుతూ వస్తుంది. పడవలో మాట్లాడుకుంటున్న ఆడవాళ్ళ మాటలు పడవ కంటే ముందే ఒడ్డుకు చేరుతున్నాయి.

నేరుగా ఘాట్ ఎక్కేసేవాళ్ళకి ఈ గట్టు ఉన్నట్టే తెలియదు. ఎవరైనా అడిగితే ముందు ఇదే చెబుతాను: ఒక రాత్రి ఇటు ఆగండి. నేను శృంగవరపుకోటలో లాడ్జి తీసుకున్నాను. భోజనం చేసి తొమ్మిదికల్లా నిద్ర.

మర్నాడు వెలుతురు రాకముందే ఇడ్లీలు తిని బయల్దేరాను. బొడ్డవర దాకా రైలు పట్టాలు దగ్గరగానే ఉంటాయి. 1960లలో ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి తేవడానికి వేసిన కొత్తవలస-కిరండూల్ లైన్ ఇది. ఘాట్ మొదలయ్యాక పట్టాలు తమ దారిన సొరంగాల్లోకి పోతాయి. ఆ తర్వాత ఎక్కడో పైనుంచి గూడ్సు చప్పుడు వినిపిస్తుంది గానీ బండి కనిపించదు.

ఈ ఘాట్‌లో వాలు ఎక్కడా గోడలా నిలబడదు, కానీ గంటల తరబడి వదలదు. మొదటి కిలోమీటర్లలో కాళ్ళు తాజాగా ఉంటాయి కాబట్టి పెద్ద గేర్‌లో లాగేయాలనిపిస్తుంది. అక్కడే బిగపట్టుకోవాలి. నేను మొదటి మలుపు నుంచే చిన్న గేర్‌లోకి దిగి, కేడెన్స్, అంటే పెడల్ తిరిగే వేగం, నిమిషానికి 70 చుట్ల దగ్గర పెట్టుకున్నాను. పక్కన ఎవరైనా ఉంటే మాట్లాడగలిగేంత ఊపిరి మిగలాలి. అదే కొలత. హెయిర్‌పిన్ మలుపుల్లో లోపలి అంచు బాగా నిటారుగా ఉంటుంది, బయటి వైపు వాలు తక్కువ. ఎడమవైపు తిరిగే మలుపులో లోపలి అంచే మన పక్క అవుతుంది కాబట్టి మలుపుకి ముందే గేర్ తగ్గించుకోవాలి. వాలు తక్కువని కుడివైపుకి పోవడం మాత్రం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. పైనుంచి దిగే బస్సులు మలుపు తిరిగేటప్పుడు రోడ్డంతా ఆక్రమిస్తాయి. హారన్ వినపడగానే అంచుకి జరిగి ఒక కాలు కింద పెట్టేస్తే గొడవ లేదు. వీలైతే శని, ఆదివారాలు వద్దు. మామూలు రోజు పొద్దున్నే అయితే ఎక్కువసేపు రోడ్డు మనదే.

టైడా దాటాక చలి తగిలింది. డముకు దగ్గర వ్యూ పాయింట్‌లో టీ కొట్టు పెద్దావిడ నన్నూ సైకిల్‌నీ మార్చి మార్చి చూసి, "ఏటి బాబూ, బస్సుల్లేవా? ఇంత కొండా సైకిల్తోటే ఎక్కీసినావా?" అంది. నేను నవ్వితే అడక్కుండానే ఇంకో గ్లాసు పోసి, "పైన మంచు పడతంది, ఒళ్ళు ఎచ్చగా ఉంటాది, తాగెయ్యి" అంది. రెండో టీకి ఎంత చెప్పినా డబ్బులు తీసుకోలేదు.

అక్కడి నుంచి కాఫీ తోటలు. నిటారుగా పెరిగిన సిల్వర్ ఓక్ చెట్లు, వాటిని కింది నుంచి పై దాకా అల్లుకున్న మిరియాల తీగలు, ఆ నీడన కాఫీ మొక్కలు. కారులో పోయేవాళ్ళకి ఇదంతా ఒకే పచ్చదనం. సైకిల్ నడక కంటే కొంచెమే వేగంగా పోతుంది కాబట్టి నాకు ఒక్కొక్క కొమ్మా కనిపించింది. కాఫీ పళ్ళు కొమ్మ పొడవునా గుత్తులుగా పట్టి ఉన్నాయి. ఒకే గుత్తిలో కొన్ని ఆకుపచ్చ, కొన్ని పసుపు, కొన్ని ముదురు ఎరుపు. ఒక్కసారిగా పండవు కాబట్టే ఎర్రటివి మాత్రం చేత్తో ఏరి కోయాలి. బుట్ట కట్టుకుని కోస్తున్న వాళ్ళ వేళ్ళు ఎంత తొందరగా కదులుతున్నాయో ఆగి చూశాను. అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పేరు వెనక ఉన్నది ఈ గిరిజన రైతుల వేళ్ళే.

అనంతగిరి చేరువలో బొర్రా గుహలకి దారి చీలుతుంది. సున్నపురాయిని గోస్తనీ నీళ్ళు యుగాల తరబడి కరిగిస్తూ పోతే ఏర్పడిన గుహలు అవి. కిందికి దిగి మళ్ళీ ఎక్కాలి కాబట్టి సైకిల్ మీద వెళ్ళేవాళ్ళు తమ ఓపిక చూసుకోవాలి. నేను గుహలు ముందే చూసి ఉన్నాను, అందుకని దిగలేదు.

గాలికొండ వైపు ఎక్కుతుంటే పొగమంచు కమ్మేసింది. పది అడుగుల అవతల రోడ్డు లేదు. చెట్ల ఆకుల నుంచి చుక్కలు రాలుతున్నాయి, హెల్మెట్ అంచు నుంచి నీళ్ళు కళ్ళలోకి కారుతున్నాయి. ముందు లైటు, వెనక ఎర్ర లైటు వేసుకుని కాసేపు తొక్కాను. ఎదురుగా వచ్చిన జీపు చివరి క్షణంలో కనిపించేసరికి ఇక ముందుకి పోకుండా రోడ్డుకి బాగా ఎడంగా ఒక తోట గేటు దగ్గర ఆగిపోయాను. చెమటకి తడిసిన బట్టలతో అక్కడ నిలబడితే వణుకు పుడుతుంది. జేబులో మడిచి పెట్టుకున్న పల్చటి జాకెట్, బెల్లం వేరుశెనగ చిక్కీ అప్పుడు పనికొచ్చాయి. మంచు విడిచాక చూస్తే ఎక్కుడు ఇంక కొంచెమే మిగిలి ఉంది.

అరకు లోయ సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంటుంది. దారి మాత్రం గాలికొండ దగ్గర అంతకంటే పైకి పోయి అక్కడి నుంచి దిగుతుంది. అంటే చివరి భాగమంతా సుంకరిమెట్ట మీదుగా ఎక్కువగా దిగుడే. దిగేటప్పుడు బ్రేక్ పట్టుకునే ఉండకూడదు. చక్రం అంచుని పట్టి ఆపే రిమ్ బ్రేకులైతే ఆ అంచు వేడెక్కి ట్యూబ్ పేలే ప్రమాదం ఉంది. మలుపుకి ముందు గట్టిగా నొక్కి వేగం తగ్గించి, వదిలేసి, తిరగాలి. అన్ని గంటల కష్టం తర్వాత మోకాళ్ళకి పనిలేకుండా గాలి ముఖానికి కొడుతుంటే గట్టిగా అరిచాను, సిగ్గుపడలేదు. లోయలోకి వచ్చాక రోడ్డుకి రెండువైపులా పసుపు పచ్చటి వలిసె పూల చేలు. ఆ చేల దగ్గర సెల్ఫీలకి జనం, పాపం తొక్కేసిన మొక్కలు. అది పంట, నూనె గింజలు తీసే పంట. గట్టు మీద నుంచి చూస్తే చాలదా అనిపించింది. అరకులో వేడి వేడి బొంగు చికెన్, మీద ఒక కప్పు కాఫీ.

వీలు చిక్కితే అరకులో ఆగకుండా ముందుకు పోవాలని ఉంది. డుంబ్రిగుడ, పాడేరు, చింతపల్లి మీదుగా లంబసింగి. అక్కడికి దగ్గర్లోనే తాజంగి జలాశయం ఉంది. ఆ తర్వాత నర్సీపట్నం వైపు దిగుడు. ఊళ్ళ మధ్య దూరాలు ఎక్కువ, సైకిల్ షాపులు దొరకవు కాబట్టి రెండు ట్యూబులు, ఒక స్పేర్ టైరు, చైన్ లింకు వెంట ఉండాల్సిందే. ఆ దారి తొక్కినవాళ్ళు ఎవరైనా ఉంటే పాడేరు నుంచి చింతపల్లి దాకా రోడ్డు ఎలా ఉందో చెప్పండి.