సాయంత్రానికి గొంతు పోతోందా? ముందు మైకు చూడండి

ఇంటి నుంచి పని చేసేవాళ్ల దగ్గర తరచూ వినిపించే మాట ఇది. పొద్దున గొంతు బాగానే ఉంటుంది, మూడో కాల్ అయ్యేసరికి బరువెక్కుతుంది, సాయంత్రానికి బొంగురుపోతుంది. జలుబు లేదు, జ్వరం లేదు. వేడినీళ్లు తాగి, ఏదో బిళ్ల చప్పరించి పడుకుంటారు. మర్నాడు మళ్లీ అదే వరస. గొంతులోనే ఏదో లోపముందని దిగులుపడతారు కానీ, చాలాసార్లు లోపం మైకు పెట్టిన చోట, చెవులకు తగిలించుకున్నదాంట్లో, ల్యాప్‌టాప్ ఎత్తులో ఉంటుంది. వాటిని అలాగే వదిలేసి గొంతుకు ఎన్ని ఉపచారాలు చేసినా నిలవవు.

మాట్లాడేటప్పుడు స్వరపేటికలోని రెండు స్వరతంత్రులు ఒకదానికొకటి తగులుతూ కంపిస్తాయి. మామూలు మాటలో మగవాళ్లకు సెకనుకు సుమారు 100 నుంచి 130 సార్లు, ఆడవాళ్లకు 180 నుంచి 220 సార్లు. సెకనుకు 200 అనుకుంటే, స్వరం పలికిన సమయం అంతా కలిపి ఒక గంట అయ్యేసరికి 7 లక్షలు దాటుతుంది. గొంతు పెంచినకొద్దీ ప్రతి తాకిడీ గట్టిగా తగులుతుంది. అందుకే ఎంతసేపు మాట్లాడారన్నది ఎంత ముఖ్యమో, ఎంత గట్టిగా మాట్లాడారన్నదీ అంతే ముఖ్యం.

మరి నాలుగ్గోడల మధ్య, పక్కన ఎవరూ లేకుండా గట్టిగా ఎందుకు మాట్లాడతాం? చెవి వల్ల. చుట్టూ చప్పుడుంటే మనకు తెలియకుండానే గొంతు పెరుగుతుందని ఫ్రెంచ్ వైద్యుడు ఎతియెన్ లొంబార్ 1911లోనే రాశాడు. ఆయన పేరుతోనే దాన్ని లొంబార్డ్ ఎఫెక్ట్ అంటారు. చెవులు పూర్తిగా మూసేసే హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే మన మాట గాలిలోంచి మన చెవికి సరిగా చేరదు. దాంతో సరిపోవడం లేదేమోనని గొంతు పెంచేస్తాం. అవతలివాళ్ల మాట పెద్ద వాల్యూమ్‌లో వింటుంటే ఇంకాస్త పెరుగుతుంది. అనుమానముంటే ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి, మీకు 30 సెంటీమీటర్ల దూరంలో ఉంచి, ఏదైనా ఒక పేరా చదవండి. తర్వాత హెడ్‌ఫోన్స్‌లో ఎవరి మాటలైనా నడుస్తుండగా అదే పేరా మళ్లీ చదవండి. రెండూ విని చూస్తే తేడా తెలిసిపోతుంది.

దీనికి తేలికైన మార్గం ఒక చెవి తెరిచి ఉంచడం. రెండు చెవులూ మూయక తప్పదంటే హెడ్‌సెట్ సెట్టింగ్స్‌లో సైడ్‌టోన్ ఉందేమో చూడండి. అది మన మాటను కొద్దిగా మన చెవిలోనే వినిపిస్తుంది. వినే వాల్యూమ్ కూడా మాట అర్థమయ్యేంత వరకు తగ్గించుకోండి.

ఇక మైకు. నోటికీ మైకుకూ మధ్య దూరం సగమైనప్పుడల్లా మాట సుమారు 6 డెసిబెల్స్ (శబ్దం తీవ్రతను కొలిచే ప్రమాణం) బలంగా చేరుతుంది. ల్యాప్‌టాప్ లోపలి మైకు 60 సెంటీమీటర్ల దూరంలో ఉందనుకుందాం. మరో మైకు 15 సెంటీమీటర్లలో పెట్టుకుంటే 12 డెసిబెల్స్ కలిసొస్తాయి. గొంతుతో చేయాల్సిన అంత పనిని దూరమే చేసిపెడుతుంది. హెడ్‌సెట్ మైకైతే నోటి మూలకు రెండు వేళ్ల ఎడంలో, కొంచెం గడ్డం వైపుకు ఉండాలి. సరిగ్గా నోటికెదురుగా పెడితే ప, బ, భ పలికినప్పుడల్లా ఊపిరి తగిలి ధబ్‌మంటుంది. తర్వాత సెట్టింగ్స్‌లో ఇన్‌పుట్ లెవల్ తెరిచి, పక్కనున్న మనిషితో మాట్లాడే గొంతుతోనే నాలుగు వాక్యాలు మాట్లాడండి. గీత మూడింట రెండు వంతుల దాకా వస్తే చాలు. రాకపోతే లెవల్ పెంచండి, గొంతు కాదు.

కాల్‌లో ఎవరైనా "వినపడట్లేదండీ" అనగానే అరవడం మొదలుపెడతాం. అక్కడే ఆగి, "చిన్నగా వస్తోందా, తెగి తెగి వస్తోందా?" అని అడగండి. చిన్నగా వస్తోందంటే మైకు దగ్గరకు జరపాలి. తెగుతోందంటే అది నెట్ సమస్య. ఎంత అరిచినా తెగిన మాట అతుక్కోదు. వీడియో ఆపితే చాలావరకు సర్దుకుంటుంది. ఈ ఒక్క ప్రశ్న అలవాటైతే రోజులో ఎంత అరుపు తగ్గుతుందో!

మెడ సంగతి చాలామంది గొంతుతో ముడిపెట్టరు. స్వరపేటిక పైన నాలుక ఎముకకు, దవడకు, కింద రొమ్ము ఎముకకు కండరాలతో, పొరలతో వేలాడుతూ ఉంటుంది. ల్యాప్‌టాప్‌ను నేరుగా బల్లమీద పెడితే తెర కిందికి ఉండి తల వంగుతుంది, గడ్డం ముందుకు చొచ్చుకొస్తుంది, ఆ కండరాలన్నీ బిగుసుకుంటాయి. ఒకసారి కంఠం మీద రెండు వేళ్లు ఆనించి, "ఆ" అని సాగదీస్తూ గడ్డాన్ని మెల్లగా ముందుకు చాచండి. చాలామందికి స్వరం సన్నబడి బిగుసుకోవడం వినిపిస్తుంది. గడ్డం వెనక్కి తీసుకుంటే మళ్లీ వదులవుతుంది.

కాబట్టి తెర పై అంచు కంటి మట్టానికి వచ్చేదాకా ల్యాప్‌టాప్ కింద లావాటి పుస్తకాలు పేర్చండి. తెర చేయి చాపినంత దూరంలో ఉండాలి. ఇలా ఎత్తు పెట్టాక ల్యాప్‌టాప్ కీబోర్డు మీదే టైప్ చేస్తే భుజాలు పైకి లేచి కొత్త నొప్పి మొదలవుతుంది. కీబోర్డు, మౌస్ విడిగా ఉండాల్సిందే. మోచేతులు దాదాపు లంబకోణంలో, పాదాలు పూర్తిగా నేలమీద, నడుం వెనక చుట్టిన తువ్వాలు. ప్రోగ్రెసివ్ కళ్లద్దాలు (దూరానికీ దగ్గరకీ ఒకే అద్దం) వాడేవాళ్లు మాత్రం తెరను ఇంకొంచెం కిందికి దించుకోవాలి. లేకపోతే అద్దం కింది భాగంలోంచి చూడటానికి తల వెనక్కి వాల్చి మెడ పట్టేస్తుంది. మంచం మీద ఒరిగి కాల్స్ మాట్లాడటం మాత్రం మానేయండి. పొట్ట నొక్కుకుపోయి ఊపిరి పైపైనే ఆడుతుంది, వాక్యం చివరికి వచ్చేసరికి ఊపిరి అయిపోయి స్వరం గీరుకుంటుంది.

నీళ్ల గురించి ఒక అపోహ ఉంది. తాగిన నీళ్లు స్వరతంత్రుల మీదుగా వెళ్లవు, వెళితే పొలమారుతుంది. ఒంట్లో చేరి, రక్తం ద్వారానే వాటికి తడి అందాలి, దానికి సమయం పడుతుంది. కాల్‌కు ముందు గ్లాసుడు నీళ్లు గటగటా తాగడం కంటే పొద్దుట్నుంచీ కొంచెం కొంచెంగా తాగుతుండటమే మేలు. నేరుగా తడి తగలాలంటే ఆవిరి పట్టాలి. గిన్నె ఒలికి కాలకుండా జాగ్రత్త. ఏసీ గానీ హీటర్ గానీ గాలి మొహం మీదకు కొట్టకుండా చూసుకోండి. గదిలో తేమ 40 నుంచి 60 శాతం మధ్య ఉంటే గొంతుకు హాయిగా ఉంటుంది.

మాటిమాటికీ గొంతు సవరించుకోకండి. సవరించుకున్నప్పుడల్లా స్వరతంత్రులు గట్టిగా కొట్టుకుని, ఆ రాపిడికి మళ్లీ జిగురు ఊరి, మళ్లీ సవరించుకోవాలనిపిస్తుంది. ఒక గుక్క నీళ్లు మింగండి. గొంతు పోయినప్పుడు గుసగుసగా మాట్లాడితే విశ్రాంతి అనుకోవడమూ పొరపాటే. చాలామంది గుసగుసలో స్వరపేటికను ఇంకా బిగిస్తారు. మాట్లాడక తప్పకపోతే మెత్తటి మామూలు స్వరమే నయం.

గొంతు సడలడానికి స్పీచ్ థెరపిస్టులు నేర్పే స్ట్రా సాధన మాత్రం తప్పక చేయదగ్గది. గ్లాసులో సగం నీళ్లు, 5 లేక 6 మిల్లీమీటర్ల వెడల్పున్న స్ట్రా, దాని కొన 2 సెంటీమీటర్లు మునిగేలా. పెదాలు స్ట్రా చుట్టూ మూసి, బుగ్గలు వదులుగా ఉంచి, "ఊ" అంటూ బుడగలు వదలండి. సౌకర్యంగా ఉన్న స్వరంతో మొదలుపెట్టి మెల్లగా పైకి, మళ్లీ కిందికి. రెండు మూడు నిమిషాలు చాలు. వెనక్కి తన్నే గాలి ఒత్తిడి స్వరతంత్రుల్ని కాస్త ఎడంగా ఉంచుతుంది, తాకిడి తగ్గుతుంది. బుడగలు ఆగి ఆగి వస్తుంటే ఊపిరి నిలకడగా లేదని గుర్తు. ముక్కులోంచి గాలి పోతుందేమో ముక్కు మూసి చూడండి, స్వరం మారితే పోతున్నట్టే. గొంతులో బిగువు అనిపిస్తే స్ట్రాను ఇంకొంచెం పైకి తీయండి. మొదటి కాల్‌కు ముందు ఒకసారి, ఎక్కువ మాట్లాడిన కాల్ తర్వాత ఒకసారి చేయండి. మీరు మాట్లాడాల్సిన మీటింగులు వరసగా పడకుండా, మధ్యలో పది నిమిషాలైనా మౌనం దొరికేలా క్యాలెండర్ సర్దుకోండి.

 

ఇవన్నీ చేసినా బొంగురు మూడు నాలుగు వారాలు దాటి ఉంటే ఈఎన్‌టీ డాక్టర్‌కు చూపించుకోవాలి. రక్తం పడినా, మింగితే నొప్పి అనిపించినా, మెడలో గడ్డ తగిలినా, ఊపిరి ఇబ్బంది పెట్టినా అన్ని వారాలు ఆగొద్దు. పొగ తాగేవాళ్లూ ఆలస్యం చేయకూడదు. సన్నటి కెమెరాతో స్వరతంత్రుల్ని నేరుగా చూస్తారు, కొద్ది నిమిషాల పని. రోజుకు ఎన్ని గంటలు కాల్స్‌లో ఉంటారో, ఏ వేళకు గొంతు పోతుందో, రాత్రి తేనుపుల్లో పులుపు వస్తుందో లేదో రాసుకుని వెళ్లండి. స్వరతంత్రుల మీద చిన్న కాయల్లాంటివి కనిపించినా బెంగపడక్కర్లేదు. అలాంటివి చాలావరకు ఆపరేషన్ లేకుండా, స్పీచ్ థెరపీతోనే తగ్గుతాయి.