ఋషికుల్య వెంట ఒక రోజు

మా తోటకు వచ్చి రెండు మూడు రోజులు ఉండిపోయే చుట్టాలూ, గది అద్దెకు తీసుకునే కొత్తవాళ్లూ మొదటి సాయంత్రం కాఫీ తాగుతూ అడిగేది ఒకటే: ఈ చుట్టుపక్కల చూడవలసినవి ఏమున్నాయి? తోట ఒడిశాలోని గంజాం జిల్లాలో, ఛత్రపురానికి దగ్గరగా, సముద్రపు ఒడ్డున ఉంది. కొబ్బరి, జీడిమామిడి, గాలికి అడ్డంగా రెండు వరుసల సరుగుడు, చుట్టూ కంచెగా మొగలి పొదలు. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాలపూర్ దగ్గర తీరం దాటినప్పుడు కొబ్బరిచెట్లలో సగానికి పైగా కూలిపోగా, ఖాళీ అయిన ఆ జాగాలోనే కొన్నేళ్ల తరువాత రెండు గదులు కట్టించాను.

ఆ ప్రశ్నకు చాలాకాలం నేను తప్పు జవాబే చెబుతూ వచ్చాను. గత ఫాల్గుణంలో విజయనగరం నుంచి అక్కా బావగారూ మేనల్లుడితో వచ్చినప్పుడు కూడా అదే పొరపాటు చేసి, ఒక్క రోజులోనే రంభ దగ్గర చిల్కా సరస్సునూ, తప్తపాణి వేడినీటి బుగ్గనూ చూపించాలని వ్యాను మాట్లాడాను. రంభ మాకు ఈశాన్యాన ఉంటే తప్తపాణి బరంపురం దాటి పడమటి కొండల్లో ఉంది. చిల్కాలో పడవ ఎక్కి గంట తిరగకముందే దిగవలసి వచ్చింది, తప్తపాణి చేరేసరికి చీకటి పడింది. ఆ రోజంతా మేము నిజంగా చూసినది జాతీయ రహదారి మీది లారీలనే. "తమ్ముడూ, రేపు ఇంట్లోనే ఉంటాం" అని అక్క అన్నప్పుడు నాకు సిగ్గేసింది. అప్పుడే తోచింది, దూరాలు కొలుచుకుంటూ పరుగెత్తే బదులు ఒక్క నదిని పట్టుకుని దాని వెంట పైకి వెళితే ఎలా ఉంటుందని.

కంధమాల్ కొండల్లో పుట్టి సుమారు 165 కిలోమీటర్లు ప్రవహించే ఋషికుల్య సముద్రంలో కలిసే చోటు మా తోటకు దూరం కాదు. మరునాడు తెల్లవారుజామున, ఇంకా చుక్కలు ఉండగానే, పులిహోర పొట్లాలతో బయలుదేరి ముఖద్వారం వైపు వెళ్లాము. ఆలివ్ రిడ్లే తాబేళ్లు వేల సంఖ్యలో ఒకేసారి ఒడ్డెక్కి గుడ్లు పెట్టే తీరం ఇది. శాస్త్రజ్ఞుల దృష్టికి ఈ తీరం 1994లో మాత్రమే వచ్చింది గాని, ఇక్కడి బెస్తవాళ్లకు అది కొత్త సంగతి కాదు. కొన్ని సంవత్సరాలు అవి ఇలా గుంపుగా రావు కనుక, వచ్చినవాళ్లందరికీ చూపిస్తానని నేనెప్పుడూ మాట ఇవ్వను. మా అదృష్టం కొద్దీ ఆ వారంలో అవి వస్తున్నాయి. అటవీశాఖవారు నిలబెట్టిన హద్దు దగ్గరే ఆగి, ఫోన్ల వెలుగు కూడా ఆర్పేసి నిలుచున్నాము.

కొంతసేపటికి కళ్లు చీకటికి అలవాటు పడ్డాక, ఇసుక మీద గుండ్రాళ్లు అనుకున్నవి మెల్లగా కదులుతున్నాయని మేనల్లుడు గుర్తుపట్టాడు. అన్నిటికన్నా దగ్గరగా ఉన్న తాబేలు వెనక కాళ్లతో, వెనక్కి ఒక్కసారైనా తిరిగి చూడకుండానే, సీసా ఆకారంలో గొయ్యి తవ్వుకుని అందులో వందకు అటూ ఇటూగా గుడ్లు పెడుతుంది. ఆ తరువాత ఇసుక కప్పి, తన ఒంటి బరువుతో అటూ ఇటూ ఒరుగుతూ దాన్ని అదిమేటప్పుడు దూరాన ఎవరో అటుకులు దంచుతున్నట్టు చప్పుడు వినిపిస్తుంది. ఆ చప్పుడు గురించి నేను ఎన్నిసార్లు చెప్పినా నమ్మని బావగారు, ఆ ఉదయం చాలాసేపు మాట్లాడలేదు. నలభై అయిదు నుంచి అరవై రోజుల్లో పిల్లలు బయటికి వస్తాయి. గూటిలోని వేడిని బట్టి ఆడవో మగవో నిర్ణయమవుతుంది. వీటి కోసమే నవంబరు 1 నుంచి మే 31 వరకు ముఖద్వారానికి 20 కిలోమీటర్ల లోపు సముద్రంలో మరపడవల వేట నిషేధం. ఆ ఏడు నెలలూ బెస్తవాళ్లకు ఎంత కష్టకాలమో, తాబేళ్ల ఫొటోలు చూసి మురిసిపోయేవాళ్లు కొంచెం ఆలోచించాలని నాకు అనిపిస్తుంది.

తెల్లవారాక పొడంపేట వైపు నడిచాము. సముద్రం కోసివేయగా వదిలివెళ్లిన పాత ఊరి గోడలు కొన్ని ఇసుకలో నిలిచి ఉన్నాయి, జనం లోపలికి తరలిపోయారు. వలలు బాగుచేసుకుంటున్న ఇద్దరు ముసలివాళ్లు తెలుగులో పలకరించేసరికి అక్క ఆశ్చర్యపోయింది. ఒడియావాళ్లు నోలియాలు అని పిలిచే ఈ మత్స్యకారుల ఇంటి భాష తెలుగే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడే వరకు ఈ తీరం మద్రాసు రాజధానిలోనే ఉండేది. పిల్లలు చదివేది ఒడియా బడిలో కనుక, వాళ్లకు తెలుగు మాట్లాడడం వచ్చుగాని రాయడం రాదు. "మా మనవడు మీ పుస్తకం చదవలేడమ్మా, మీరు చదివితే వింటాడు" అని అందులో ఒకాయన అక్కతో అన్నాడు.

అక్కడి నుంచి గంజాం ఊరికి వచ్చి, 1768లో ఆంగ్లేయులు కట్టిన పోటాగఢ్ కోటను చూశాము. విషజ్వరాలు వ్యాపించి కచేరీలన్నీ తరలిపోక ముందు జిల్లాకు ముఖ్యపట్టణం ఈ చిన్న ఊరే. మాకు అక్కడ పట్టింది అరగంట, అది చాలు.

నదిని ఎడతెగకుండా చూడాలంటే తారాతారిణి కొండ ఎక్కాలి. చైత్ర మంగళవారాల్లో ఇక్కడ ఇసుక వేస్తే రాలదు, పిల్లల పుట్టువెంట్రుకలు తీయించేవాళ్లతో కొండంతా నిండిపోతుంది. మేము వెళ్లినది మామూలు రోజు కావడంతో మేనల్లుడు 999 మెట్లూ లెక్కపెడుతూ ఎక్కాడు, అక్కా బావగారూ రోప్‌వేలో వెళ్లారు. పైనుంచి చూస్తే, ఉదయం మేము సముద్రంలో కలుస్తుండగా చూసిన నీరే కొండ కింద పెద్ద మలుపు తిరుగుతూ, ఇసుక తిన్నెల మధ్య పాయలుగా విడిపోతూ కనిపించింది.

జౌగఢ్ అక్కడికి దగ్గరే. జౌ అంటే లక్క, ఇది పాండవుల కాలపు లక్కకోట అని ఊరివాళ్ల నమ్మకం. మట్టికోట గోడల ఆనవాళ్ల మధ్య, ఇనుప కమ్మీల వెనుక, అశోకుని శాసనాలు చెక్కిన బండ ఉంది. 1850లో దీని నకలు తీసినవాడు వాల్టర్ ఇలియట్, మన అమరావతి శిల్పాలను తవ్వించిన దొర. కళింగ యుద్ధంలో లక్షమంది చనిపోయారనీ, లక్షా యాభైవేలమందిని చెరపట్టి తరలించారనీ పశ్చాత్తాపంతో చెప్పే 13వ శాసనం ఈ బండ మీద లేదు. దాని బదులు, మనుషులందరూ నా బిడ్డలే అని చెబుతూ ఇక్కడి అధికారులకు ప్రత్యేకంగా రాయించిన ఆజ్ఞలు ఉన్నాయి. గెలిచిన నేల మీద ఆ లెక్కలు చెప్పుకోవడానికి చక్రవర్తికి నోరు రాలేదేమో అని బావగారు అన్నారు. పాలనకు అడ్డు వస్తుందని మానేసి ఉంటాడని నా అనుమానం. ఆ వాదన తోట చేరేదాకా సాగింది.

మూడో రోజు ఎవరూ ఎక్కడికీ కదలలేదు. బావగారు మొగలి కంచె చుట్టూ తిరిగి పువ్వు కోసం వెతికారు. అసలు పూత వానాకాలంలో వస్తుందనీ, ముళ్లు తప్పించుకుంటూ పొద్దు ఎక్కకముందే కోసి, వాసన పోకముందే లెక్కపెట్టి బట్టీకి చేర్చాలనీ, అక్కడ రాగి డేగిశాల్లో మరిగించి కేవడా అత్తరు తీస్తారనీ చెప్పాను. "అయితే శ్రావణంలో వస్తాం, వ్యాను మాత్రం మాట్లాడకు" అన్నారు.